అరవై దాటినంక కాక్‌పిట్‌ల కూసునుడెట్ల

మాది హన్మకొండ. నాకు అరవై రెండు. ఇంకా ఎయిర్‌బస్ 320 విమానం నడుపుతున్న. యాభై ఎనిమిదిల, యాభై తొమ్మిదిల ఉన్న దోస్తులు "ఎట్ల నెట్టుకొస్తున్నవ్ అన్నా?" అని ఫోన్లు చేస్తుంటరు. అందరికీ కలిపి ఒక్కసారే రాస్తున్న.

కంపెనీ రిటైర్మెంట్ వేరు, లైసెన్స్ హద్దు వేరు. కంపెనీ మిమ్ముల ముందే సాగనంపొచ్చు. ప్రయాణికుల విమానానికి హద్దు 65. 2006ల ఐకావో, అంటే దేశాలన్నిటి విమానాల రూల్స్ చూసే సంస్థ, అరవైని అరవై అయిదు చేసింది. 2025ల మాంట్రియల్‌ల ఐకావో మీటింగ్‌ల 67 చేద్దామన్నరు గానీ అది నెగ్గలే. దాన్ని నమ్ముకొని కొత్త లోన్ తీసుకోకుండ్రి.

రిటైరైనంక మళ్ల పనిల పెట్టుకునే కాంట్రాక్ట్ కాగితం రిటైర్మెంట్ దావత్‌కు ముందే చేతికి రావాలె. నేను మొహమాటపడి అడగలే. నాలుగు నెలలు ఖాళీగ కూసున్న. తొంభై రోజులల్ల మూడు టేకాఫ్‌లు, మూడు ల్యాండింగ్‌లు లేకపోతే ప్రయాణికులను ఎక్కించుకోనియ్యరు గదా, మళ్ల సిమ్యులేటర్, అంటే నేల మీది నకిలీ కాక్‌పిట్, ఎక్కాల్సొచ్చింది.

ఇగ మెడికల్. అరవై దాటితే ఆరు నెలలకోసారి. నా తారీఖు ఒకసారి సంక్రాంతి ఎనకనే పడ్డది. పది రోజులు పొద్దుగాల చాయ్‌ల సకినాలు, మాపటికి గారెలు. బీపీ చూసి డాక్టర్ నా మొఖం చూసిండు. అప్పటిసంది పండుగకు, మెడికల్‌కు నడుమ నెల ఎడం ఉండేటట్టు చూసుకుంటున్న. పొద్దుగాల భద్రకాళి బండ్ మీద నడక తప్పది. ఏ గోలి మింగినా, ఆఖరికి జలుబుదైనా, డాక్టర్‌కు చెప్పుండ్రి. అద్దాలు రెండు జతలుండాలె, అది రూలే. రెండోది ఫ్లైట్ బ్యాగుల నుంచి బయటికి తియ్యకుండ్రి.

తెల్లారుజామున ఫ్లైట్ ఉంటే హన్మకొండ నుంచి రాత్రిపూట కారేసుకొని శంషాబాద్ పోవుడు బంద్ చేసిన. ముందురోజు పగటీలనే ఉప్పల్‌ల బిడ్డ ఇంటికి పోయి పండుకుంట. నలభైల నడిచింది ఇప్పుడు నడవది.

సిమ్యులేటర్ చెక్‌ల ఇంజన్ ఫెయిలైతే చేతులు వాటంతటవే పనిచేస్తయ్. ఇబ్బంది వేరే కాడ. కింది నుంచి కంట్రోలర్ ఒక్క దమ్ముల హెడింగ్ (పోవాల్సిన దిక్కు), ఎత్తు, రేడియో ఫ్రీక్వెన్సీ చెప్తే మూడోది జారుతది. నేనైతే రాసుకుంట. సిగ్గుపడేదేం లేదు.

అసలు కష్టం చెవులది కాదు, అహానిది. మొన్న శంషాబాద్‌ల దిగేటప్పుడు స్పీడ్ ఇంకా కుదురలే. పక్క సీట్ల కరీంనగర్ పిల్ల, నా బిడ్డ కన్న చిన్నది, "గో అరౌండ్ సర్" అన్నది, అంటే దిగకుండ మళ్ల పైకి లేపుమని. నాకు సర్దుకుంటదనే అనిపించింది. అయినా మారుమాట్లాడకుండ పైకి లేపిన. దిగినంక ఆమెకు చాయ్ తాగిపిచ్చిన.

ఇంట్ల చెప్తే మా ఆమె, "నా మాట ఒక్కనాడన్న గట్ల విన్నవా?" అన్నది.