ఫ్యామిలీ కోర్టు కేసులో ఇంటి అడ్రసు బయటపడకుండా

భర్తకు భయపడి ఇల్లు వదిలి, మారతహళ్ళిలోనో హొరమావులోనో వేరుగా ఉంటూ బెంగళూరు ఫ్యామిలీ కోర్టులో కేసు వేస్తున్నారా? మీరు దాఖలు చేసే కాగితాల కాపీ అవతలి పక్షానికి అందుతుంది. కాబట్టి పిటిషన్ టైపు కాకముందే అడ్రసు సంగతి వకీలుకు చెప్పండి. ఒకసారి కాపీ చేతికి వెళ్ళాక ఏ ఆర్డరూ దాన్ని వెనక్కి తేలేదు.

అలాగని తప్పుడు అడ్రసు మాత్రం రాయొద్దు. సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 6 రూల్ 14ఎ కింద, ఇచ్చిన అడ్రసు తప్పని తేలితే కోర్టు కేసునే ఆపేయొచ్చు. పైగా హిందూ వివాహ చట్టం సెక్షన్ 19 ప్రకారం భార్య తానుంటున్న చోట కేసు వేయగలదు. ‘ఆమె అసలు బెంగళూరులోనే లేదు’ అని అవతలివాళ్ళు వాదిస్తే రుజువు చూపాల్సింది మీరే.

అడ్రసు దాచడానికంటూ ఫ్యామిలీ కోర్టుల చట్టంలో విడిగా సెక్షన్ లేదు. అంతా జడ్జి విచక్షణే. అందుకే పిటిషన్‌తోపాటే సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 151 కింద ఒక ఐ.ఏ. (కేసు నడుస్తుండగా వేసే మధ్యంతర దరఖాస్తు) వేయించండి. అసలు అడ్రసు, దాని రుజువు సీల్డ్ కవర్‌లో జడ్జికి ఇస్తామని, నోటీసులు వకీలు ఆఫీసుకు పంపాలని, అవతలివారి కాపీల్లో అడ్రసు కొట్టేయనివ్వాలని అడగాలి. భయంగా ఉందని రాస్తే సరిపోదు. బెదిరింపు మెసేజీలు తేదీలతో సహా, పోలీసు ఫిర్యాదు, ఆస్పత్రి కాగితాలు జతచేయాలి. ఫ్యామిలీ కోర్టుల చట్టం సెక్షన్ 11 కింద ఇన్-కెమెరా విచారణ (తలుపులు మూసి జరిపేది) అడిగితే చాలనుకునేవాళ్ళున్నారు. అది బయటి జనాన్ని ఆపుతుంది, భర్తను కాదు.

అడ్రసు ఎక్కువగా జారిపోయేది జతపరిచే కాగితాల్లోంచే. భరణం కేసుల్లో 2020 నాటి రజ్నేష్ వర్సెస్ నేహా సుప్రీంకోర్టు తీర్పు ప్రకారం ఆస్తులు, అప్పుల అఫిడవిట్ ఇవ్వాలి. దాంతో వెళ్ళే బ్యాంకు స్టేట్‌మెంట్ పైన అడ్రసు, బ్రాంచి, ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్ ఉంటాయి. కింద యూపీఐ వరుసల్లో మీ వీధి మెడికల్ షాపు పేరు కూడా ఉంటుంది. పిల్లల ఫీజు రసీదు బడిని పట్టిస్తుంది. మాస్క్‌డ్ ఆధార్ దాచేది మొదటి 8 అంకెలనే, అడ్రసును కాదు. నల్ల మార్కర్‌తో కొట్టేసిన పేజీని వెలుతురుకు పట్టుకుంటే చదవొచ్చు. కొట్టేశాక జిరాక్స్ తీసి ఆ జిరాక్స్ ఇవ్వండి. పీడీఎఫ్‌లో నల్ల గడి గీసినా కింది అక్షరాలు కాపీ అవుతాయి. ప్రింటు తీసి స్కాన్ చేయాలి. కోర్టు అనుమతించినవి తప్ప ఏమీ కొట్టేయొద్దు, ముఖ్యంగా ఆదాయం అంకెలు.

షెల్టర్ హోమ్‌లో ఉంటే, మీరు కోరినప్పుడు మీ వివరాలు అవతలివారికి చెప్పకూడదని గృహహింస చట్టం 2006 నిబంధనల్లో రూల్ 16 అంటోంది. మహిళలకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత వకీలును ఇస్తారు: 15100కి ఫోన్ చేయండి.

ఆర్డరు వచ్చాక సర్టిఫైడ్ కాపీ ప్రతి వాయిదాకీ వెంట తీసుకెళ్ళండి. క్రాస్‌లో (అవతలి వకీలు మిమ్మల్ని ప్రశ్నించేటప్పుడు) ‘ఇప్పుడెక్కడుంటున్నారు?’ అని అడిగితే గబుక్కున జవాబివ్వకుండా ఆ ఆర్డరు సంగతి జడ్జికి చెప్పండి. పిల్లల్ని తండ్రికి చూపించే చోటు కోర్టు ఆవరణలోనే ఉండాలని ముందే రాయించుకోండి.