చెక్క ఇంటికి కొత్త పూత – 3వ పాఠం: బూడిద పొర వదిలించడం

గత పాఠంలో చూరు కారే చోటు బాగు చేశాం, పుచ్చిన పలకలు కోసి కొత్తవి బిగించాం. ఇక డబ్బా మూత తీసేద్దామని చెయ్యి ఊరుకోదు. ఆగండి. ఈ పాఠంలో రంగు బ్రష్షు ముట్టుకునే పని లేదు.

ఎండ ఎక్కువగా పడే గోడ దగ్గరికి వెళ్లి, బాగా నెరిసిన పలక ఒకటి చూసుకోండి. దాని మీద టేపు ముక్క అంటించి, బొటనవేలితో గట్టిగా రుద్ది, ఒక్క లాగు లాగండి. టేపును వెలుతురుకు పెట్టి చూస్తే జిగురంతా సన్నటి బూడిదరంగు నూగు పట్టి ఉంటుంది. అదే ఇవాళ్టి పాఠం.

చెక్కలో నారపోగుల్ని ఒకదానికొకటి అతికించి ఉంచేది లిగ్నిన్ అనే పదార్థం. ఎండలోని అతినీలలోహిత కిరణాలు దాన్ని విరగ్గొడతాయి, వాన కడుక్కుపోతుంది. పైన మిగిలేది పట్టు తప్పిన నార. దాని మీద ఎంత ఖరీదైన పెయింట్ వేసినా ఆ నారకే అంటుకుంటుంది, పలకకు కాదు. ఎక్కడైనా పాత పెయింట్ పెచ్చు ఊడితే తిరగేసి చూడండి. వెనకవైపు నార అంటుకొచ్చిందా? అయితే పెయింట్‌ను తిట్టకండి, నెరిసిన చెక్క మీదే వేసేశారన్నమాట. ఇందుకు నెరిసేదాకా కూడా అక్కర్లేదు. కొత్త పలకను పూత లేకుండా కొన్ని వారాలు ఎండలో వదిలినా పెయింట్ పట్టు తగ్గుతుందని అమెరికాలో మాడిసన్‌లోని ఫారెస్ట్ ప్రోడక్ట్స్ లేబరేటరీ పరీక్షల్లో తేలింది.

ముందు కడుగుడు. నల్లటి మచ్చ కనబడితే అది మట్టో బూజో తేల్చుకోవాలి. బట్టలకు వాడే క్లోరిన్ బ్లీచ్ ఒక్క చుక్క వేయండి. ఒకటి రెండు నిమిషాల్లో మచ్చ తేలిపోతే బూజు, అలాగే ఉంటే మట్టి. క్లోరిన్ బ్లీచ్ పని అంతవరకే. గోడంతా కడగడానికి సోడియం పెర్కార్బొనేట్ పొడి, అంటే ఆక్సిజన్ బ్లీచ్, మేలు. డబ్బా మీద చెప్పిన కొలతలో నీళ్లలో కలిపి, కింద నుంచి పైకి పూయండి. పై నుంచి మొదలెడితే కిందికి కారిన చారలు పొడి చెక్క మీద అచ్చు పడతాయి. పావుగంట ఆరనివ్వకుండా తడిగా ఉంచి, మెత్తటి బ్రష్షుతో నార వెంబడే రుద్ది, మామూలు గొట్టంతో కడిగేయండి. ప్రెషర్ వాషర్ ఉందిగా అంటారా? నా మాట వింటే దాన్ని మెట్లు కడగడానికి ఉంచుకోండి. ఆ ధార మెత్తటి నారను తవ్వేస్తుంది, గట్టి గీతల్ని వదిలేస్తుంది. చివరికి పలక దువ్వెనలా తయారవుతుంది.

రెండు మూడు రోజులు పొడిగా ఆరాక గీకుడు. ఊడేదంతా గీకండి, గట్టిగా పట్టుకున్న పాత పెయింట్‌ను బలవంతంగా పెకలించకండి, అంచులు నునుపు చేస్తే చాలు. ఇల్లు పాతదైతే గీకే ముందే సీసం పరీక్ష చేయించండి. సీసం ఉన్న పెయింట్‌ను పొడిగా రుద్దితే లేచే దుమ్ము పిల్లలకు మరీ ప్రమాదం. ఆ పని శిక్షణ ఉన్నవాళ్లకే వదలాలి.

సీసం లేదని తేలాక, పైకి లేచిన మేకుల తలల్ని లోపలికి దించి శాండ్‌పేపర్ పట్టండి. 60 నంబరుతో మొదలుపెట్టి 80తో ఆపేయండి. ఇక్కడ కొత్తవాళ్లకు బల్ల మీద పాలిష్ చేసే అలవాటు అడ్డొస్తుంది, 120, 180 దాకా వెళ్తారు. బయటి గోడకు అద్దం నునుపు చేటు, నూనె పూత లోపలికి ఇంకదు. బూడిద పోయి చెక్క అసలు రంగు తేలగానే మళ్లీ టేపు పరీక్ష చేయండి. టేపు దాదాపు శుభ్రంగా రావాలి.

మొదటిసారి ఈ పని చేసినప్పుడు నాకు ఓపిక చాల్లేదు. తలుపు పక్క పలకల్ని ఇనుప తీగల బ్రష్షుతో బరబరా రుద్దేశాను. సాయంత్రానికి బంగారంలా మెరిశాయి. నాలుగో రోజు వాన పడింది. తెల్లారి చూస్తే మిరియాలు చల్లినట్టు గోడంతా నల్లచుక్కలు! విరిగిన తీగ ముక్కలు నారలో ఇరుక్కుని, చెక్కలో సహజంగా ఉండే టానిన్ అనే వగరు పదార్థంతో కలిసి సిరా రంగుకు తిరిగాయి. మేకుల కింద కారే నల్లచారలూ ఇవే. బయటి చెక్కకు ఇనుప బ్రష్షు, ఉక్కు పీచు రెండూ వద్దనేది అందుకే.

దీనికి మందు ఆక్జాలిక్ యాసిడ్. లీటరు వేడినీళ్లకు సుమారు 100 గ్రాముల పలుకులు ప్లాస్టిక్ బకెట్లో కరిగించి, మచ్చ మీద మాత్రమే కాకుండా పలక ఈ కొస నుంచి ఆ కొసదాకా పూయాలి, లేకపోతే అక్కడక్కడా తెల్లమరకలు మిగులుతాయి. నలుపు విరిగాక రెండు మూడుసార్లు బాగా కడగండి. ఇది విషం. చేతులకు గ్లౌజులు, కళ్లకు అద్దాలు తప్పవు. క్లోరిన్ బ్లీచ్ దరిదాపుల్లో ఉండకూడదు, రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. సరిగ్గా కడగకుండా ఆరిన పలకను శాండ్‌పేపర్‌తో రుద్దకండి, ఆ పొడి ముక్కులోకి పోతే మంట.

వచ్చే పాఠంలోపు మీ పని: వెనకగోడలో ఎవరికీ కనబడని మూడు పలకలు ఎంచుకుని, కడగడం నుంచి 80 నంబరుదాకా పూర్తిచేయండి. తేమ కొలిచే మీటరు ఉంటే అంకె 15 శాతం లోపు ఉందో చూడండి. గోడంతా ఒకేసారి రుద్దేసి కూర్చోకండి. తాజా చెక్కను రెండు వారాల్లోపే పూత కిందికి తేవాలి కాబట్టి, ఎంత పూయగలరో అంతే రుద్దండి. ఆ మూడు పలకల అడ్డకోత కొసల మీద ఒక్కో నీటిచుక్క వేసి ఎంత త్వరగా ఇంకుతుందో రాసిపెట్టుకోండి. నాలుగో పాఠంలో మొదటి కోటు అక్కడే వేస్తాం.