పాత లీ-ఎన్‌ఫీల్డ్ బట్ అసలుదా, కాదా? ముద్రలు చూసి తేల్చుకోవడం ఎలా?

బెంగళూరు పాత సామాన్ల బేరాల్లో పాత బ్రిటిష్ సైన్యపు రైఫిల్ లీ-ఎన్‌ఫీల్డ్ బట్, అంటే భుజానికి ఆనించే వెనక కట్టె, కనబడితే, అది మద్రాస్ సాపర్స్ (సైన్యంలోని ఇంజనీరింగ్ దళం) వాడినదేనన్న కథ కూడా వినబడుతుంది. కథను పక్కనపెట్టి కట్టెను చదవండి. అంతకంటే ముందు చట్టం: 1959 ఆయుధాల చట్టం ప్రకారం తుపాకీ విడిభాగాలూ ఆయుధాలే. కాబట్టి ఒట్టి కట్టె అయినా సరే, కొనేముందు లైసెన్స్ ఉన్న డీలర్‌ను అడగండి. ఇనప భాగాలు తగిలించి ఉంటే చెయ్యి వేయకండి.

10 రెట్లు పెద్దదిగా చూపే భూతద్దం, చిన్న టార్చి, దూది పుల్లలు, కాస్త టర్పెంటైన్ చాలు.

మొదట టార్చిని కట్టెకు దాదాపు ఆనించి, పక్కనుంచి వెలుతురు వేయండి. పైనుంచి కనబడని గుర్తులు నీడలో లేస్తాయి. బాణం గుర్తు ప్రభుత్వ సొత్తని చెబుతుంది. బాణం కింద ఐ అక్షరం ఉంటే భారత ప్రభుత్వానిది. రెండు బాణాలు మొనకు మొన తగిలేలా ఉంటే సైన్యం అమ్మేసిన సరుకు. బాణానికి రెండు పక్కలా డి ఉంటే ఆస్ట్రేలియా. బట్ చివర భుజానికి తగిలే ఇత్తడి ప్లేటు దగ్గర పైన ఎస్, ఎల్, బి కనబడితే అవి బట్ పొడవులు: ఎస్ మామూలు దానికంటే అర అంగుళం పొట్టి, ఎల్ అర అంగుళం పొడుగు, బి ఒక అంగుళం పొట్టి. అక్షరం లేకపోతే మామూలు కొలత. అందుకే అక్షరం లేదని అనుమానించకండి.

అసలు పని ముద్ర అంచుల దగ్గర ఉంది. ఉక్కు అచ్చుతో కొడితే కట్టె నారలు నలిగి లోపలికి దిగుతాయి. ఏళ్లు గడిచాక అంచులు అరిగి గుండ్రబడతాయి, అడుగున నూనె, మురికి పేరుకుని నల్లబడుతుంది. అడుగు తెల్లగా, అంచు పదునుగా ఉంటే నిన్నమొన్న కొట్టింది. అన్నిచోట్లా ఒకే లోతు, అంచున కాలిన రంగు ఉంటే లేజర్ పని. టర్పెంటైన్ ముంచిన దూదితో మెల్లగా అద్దండి. ముదురు రంగు దూదికి అంటితే అది షూ పాలిషో, పూతో. అవిసె నూనె ఇంకిన పాత రంగు అంత తేలిగ్గా ఊడదు.

ఇప్పుడు ఇత్తడి ప్లేటు చుట్టూ వేలు రాయండి. కొత్తగా బిగించినప్పుడు కట్టె లోహంకంటే వెంట్రుకవాసి పైకి ఉండేది. కిందికి ఉందంటే ఎవరో ఉప్పుకాగితం పట్టారు. ఉప్పుకాగితం పట్టిన కట్టెమీద ముద్ర మాత్రం నిక్కచ్చిగా నిలిచిందంటే, అది తర్వాత వచ్చినదే! ఎక్కువమంది మోసపోయేది ఇక్కడే.

కుడివైపు రెజిమెంట్ గుర్తులుండే ఇత్తడి బిళ్లను నమ్మకండి. అది విడిగానూ దొరుకుతుంది, ఒక్క స్క్రూతో మారుతుంది. దాన్ని విప్పించి చూడండి: కింద కట్టె రంగు చుట్టూ ఉన్నదానికంటే వేరుగా ఉండాలి. మొదటి ప్రపంచ యుద్ధం మధ్యలో బిళ్ల పెట్టడం మానేశారు, కాబట్టి బిళ్ల గుంట లేకపోవడం తప్పు కాదు.

ముందు కట్టె (గొట్టం కింద ఉండేది) కూడా ఇస్తామంటే నోస్‌క్యాప్, అంటే దాని ముందు కొసన ఉండే లోహపు తొడుగు, దగ్గర సీరియల్ నంబరు వెతకండి. రైఫిల్ నంబరుతో కలవకపోయినా నకిలీ అనేయకండి. పశ్చిమ బెంగాల్‌లోని ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ లాంటి కర్మాగారాల్లో మరమ్మతుకు వచ్చిన రైఫిళ్లకు కట్టె మార్చడం మామూలే. ముందు కట్టెలో అడ్డంగా ఒక బిగింపు స్క్రూ కనబడితే అది ఇషాపూర్ పనికి మంచి సూచన.