పైథాన్ నేర్చుకుందాం – 6: వికటకవిని తిరగేయడం

కిందటి పాఠాల్లో వాడిన ఫర్ లూప్, లిస్ట్ చాలు. ఇచ్చిన మాట ఎటునుంచి చదివినా ఒకటేనా అని తేల్చే ప్రోగ్రామ్ రాసేయొచ్చు. ముందు ఇది రాసి ([::-1] అంటే చివర్నుంచి మొదటికి తిప్పడం), రెండోదాన్ని ప్రింట్ చేయండి:

పదం = "వికటకవి"
తిరగేసింది = పదం[::-1]

పైథాన్ 3లో వేరియబుల్ పేర్లు తెలుగులో పెట్టుకోవచ్చు. ఇఫ్, ఫర్ లాంటివి మాత్రం ఇంగ్లీషులోనే రాయాలి.

వచ్చేది వికటకవి కాదు. మొదట్లోనే ఓ గుడి, పట్టుకోవడానికి హల్లు లేక ఒంటరిగా కనిపిస్తుంది. పొడవు లెక్కపెట్టే లెన్ ఫంక్షన్‌ను అడిగితే 5 కాదు, 7 అంటుంది. మనకు 'వి' ఒకే అక్షరం. ఒక్కో గుర్తుకూ ఒక సంఖ్యనిచ్చే యూనికోడ్‌లో వ ఒకటి, గుడి ఒకటి. 'శ్రీ' అయితే ఏకంగా 4: శ, పొల్లు, ర, గుడిదీర్ఘం. 'జలజ'తో పరీక్షించి మురిసిపోకండి, గుణింతం, సున్న, ఒత్తు లాంటివేవీ లేని మాటకు తప్పు ప్రోగ్రామ్ కూడా సరైన జవాబే ఇస్తుంది.

కాబట్టి తిప్పేముందు ఈ గుర్తులను అక్షరాలవారీగా గుంపులు కట్టాలి. 'గుంపులు' అని ఖాళీ లిస్ట్ పెట్టుకోండి. పదంలోని ఒక్కో గుర్తునూ ఆర్డ్ ఫంక్షన్‌కిస్తే దాని సంఖ్య వస్తుంది. 3134–3148 గుణింతాలు, 3149 పొల్లు, 3073–3075 అరసున్న, సున్న, విసర్గ. వీటిలో ఏది వచ్చినా పాత గుంపుకే అతికించాలి:

గుంపులు[-1] += గుర్తు

హల్లు (3093–3129) వచ్చినప్పుడు, చివరి గుంపు పొల్లుతో ముగిసి ఉంటే ఆ హల్లు ఒత్తు, అదీ పాతదానికే. మిగతావి కొత్త గుంపులు. ఆఖర్న గుంపులు, గుంపులు[::-1] సమానమా అని పోల్చండి. లిస్ట్ ఖాళీయా అన్నది అన్నిటికంటే ముందే చూడాలి. లేకపోతే మొదటి గుర్తు దగ్గరే ఇండెక్స్ ఎర్రర్.

అసలు తంటా 'సాఫ్ట్‌వేర్' లాంటి మాటలతో. ట్ తర్వాత కంటికి కనబడని గుర్తొకటి ఉంటుంది, దాని సంఖ్య 8204. పట్టించుకోకపోతే అదే ఓ గుంపై 5 వస్తాయి. తీసేస్తే 'ఫ్ట్వే' అతుక్కుపోయి 3 మిగులుతాయి. అతికించే జాబితాలో 8204 కూడా చేర్చండి: సా, ఫ్ట్, వే, ర్, మొత్తం 4.

'నందనం'కు అవును, 'కిటికీ'కి కాదు అని రావాలి. చివరి 'ర్'ను ఇక్కడ విడిగానే ఉంచాం. ఛందస్సులో అలా కుదరదు, ముందున్న అక్షరాన్ని అది గురువు చేస్తుంది. 7వ పాఠంలో ఈ గుంపులతోనే గురులఘువులు గుర్తిద్దాం, ఫైల్ దాచుకోండి.