మధ్య ఐరోపాలో నాలుగు దేశాల కారు ప్రయాణం: ప్రణాళిక ఎలా వేసుకోవాలి?

వియన్నా నుంచి బ్రాటిస్లావాకు దూరం 80 కిలోమీటర్లు. హైదరాబాద్ నుంచి జడ్చర్ల వెళ్ళినంత సేపట్లో ఒక దేశపు రాజధాని నుంచి మరో దేశపు రాజధానికి చేరిపోవచ్చు. అక్కడి నుంచి ఇంకో 200 కిలోమీటర్లు వెళితే బుడాపెస్ట్ వస్తుంది. ఈ దగ్గరితనం చూసి చాలామంది వారం రోజుల్లో ఆరేడు దేశాలు చుట్టేద్దామని జాబితా రాసుకుంటారు. తీరా వెళ్ళాక సగం రోజులు కారులోనూ, మిగిలిన సగం పార్కింగ్ వెతుక్కోవడంలోనూ గడిచిపోతాయి. సరిహద్దు దాటడానికి పట్టే సమయం చాలా తక్కువే గానీ, దాటిన ప్రతిసారీ రోడ్డు సుంకం మారుతుంది, ఒక్కోచోట వేగ పరిమితి, మద్యంపై చట్టం, కరెన్సీ కూడా మారిపోతాయి. అందువల్ల ఇలాంటి ప్రయాణాన్ని చూడవలసిన స్థలాలతో కాకుండా, రాత్రి బసలతోనూ కారు కాగితాలతోనూ మొదలుపెట్టి ఆలోచించడం మంచిది. ఆస్ట్రియా, స్లొవేకియా, హంగరీ, స్లొవేనియాల మీదుగా తిరిగి ఆస్ట్రియాకు చేరే తొమ్మిది రోజుల ప్రయాణాన్ని ఉదాహరణగా తీసుకుని ఆ క్రమాన్ని వివరిస్తాను.

1. ముందుగా వలయం గీయండి

ఒక దేశంలో కారు తీసుకుని మరో దేశంలో అప్పగిస్తే అద్దె సంస్థలు విడిగా భారీ రుసుము వసూలు చేస్తాయి. ఒక్కోసారి అది కారు అద్దెనే మించిపోతుంది. కాబట్టి బయలుదేరిన ఊరికే తిరిగి చేరే వలయాకారపు మార్గాన్ని ఎంచుకోవాలి. మన ఉదాహరణలో వియన్నాలో రెండు రాత్రులు, బుడాపెస్ట్‌లో రెండు, స్లొవేనియా రాజధాని ల్యుబ్లియానాలో రెండు, ఆస్ట్రియాలోనే ఉన్న గ్రాజ్ నగరంలో ఒకటి, చివరగా మళ్ళీ వియన్నాలో ఒకటి, మొత్తం ఎనిమిది రాత్రులు. బ్రాటిస్లావా దారిలోనే ఉంది గనుక అక్కడ పగటిపూట ఆగితే సరిపోతుంది. వియన్నా నుంచి బుడాపెస్ట్ వరకు సుమారు 280 కిలోమీటర్లు, అక్కడి నుంచి ల్యుబ్లియానాకు 460, ఆపైన గ్రాజ్‌కు 190, గ్రాజ్ నుంచి వియన్నాకు 200 కిలోమీటర్లు ఉంటుంది. పక్కదారులతో కలిపి 1,300 కిలోమీటర్ల లోపు తేలిపోతుంది.

ఒక్క బుడాపెస్ట్–ల్యుబ్లియానా రోజు తప్ప మిగిలిన ఏ రోజూ మూడు గంటలకు మించి నడపనక్కరలేదు. ఈ నియమాన్ని గట్టిగా పట్టుకోండి. మధ్యలో చెక్ రాజధాని ప్రాగ్‌ను కూడా ఇరికిద్దామన్న ఆలోచన ఇంట్లో ఎవరికో ఒకరికి తప్పకుండా వస్తుంది. అది వియన్నాకు ఉత్తరాన, ఈ వలయానికి పూర్తిగా అవతలి వైపు ఉంది. దానిని మరో ప్రయాణానికి వదిలేయడమే మేలు.

2. వీసా, రాత్రుల లెక్క

ఈ నాలుగు దేశాలూ షెంజెన్ ప్రాంతంలోనివే (ఒకే వీసాతో తిరగగలిగే ఐరోపా దేశాల సమూహం) కాబట్టి భారత పాస్‌పోర్టు ఉన్నవారికి ఒకే స్వల్పకాలిక వీసా చాలు. ఏ దేశంలో ఎక్కువ రోజులు ఉంటారో ఆ దేశానికే దరఖాస్తు చేసుకోవాలి. రోజులు సమానమైతే మొదట అడుగుపెట్టే దేశానికి. పై లెక్కలో ఆస్ట్రియాలో నాలుగు రాత్రులు ఉన్నాయి కాబట్టి దరఖాస్తు ఆస్ట్రియాకే వెళుతుంది. ఇందుకే రాత్రి బసలు ఖాయం కాకుండా వీసా పని మొదలుపెట్టకూడదు: హోటల్ బుకింగులు, విమాన టికెట్లు, దరఖాస్తులో రాసిన మార్గం ఒకదానితో ఒకటి సరిపోలాలి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే దరఖాస్తు చేయవచ్చు. వేసవి సెలవుల్లో అపాయింట్‌మెంట్లు దొరకడం కష్టం కాబట్టి ఆ వెసులుబాటును వాడుకోండి. పెద్దలకు వీసా రుసుము 2024 జూన్ నుంచి 90 యూరోలు. వైద్య బీమా కనీసం 30,000 యూరోలకు ఉండాలి.

లండన్‌లోనో డబ్లిన్‌లోనో ఉంటున్న మనవాళ్ళు అక్కడి నివాస అనుమతి ఐరోపా అంతటా చెల్లుతుందనుకుంటారు. బ్రిటన్, ఐర్లండ్ షెంజెన్‌లో లేవు. వారికీ ఈ వీసా కావాలి. జర్మనీ నివాస అనుమతి ఉన్నవారికి మాత్రం ఈ మార్గానికి వేరే వీసా అక్కరలేదు. షెంజెన్ బయటి సరిహద్దుల్లో వేలిముద్రలు, ముఖచిత్రం తీసుకునే కొత్త విధానం 2025 అక్టోబరులో దశలవారీగా మొదలైంది. ఫ్రాంక్‌ఫర్ట్ వంటి చోట విమానం మారేవారికి ఆ తనిఖీ అక్కడే జరుగుతుంది కాబట్టి గంట వ్యవధి ఉన్న కనెక్షన్ తీసుకోవద్దు.

3. లైసెన్సు, కారు

మన డ్రైవింగ్ లైసెన్సుతో పాటు అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ కూడా దగ్గర ఉంచుకోవాలి. రవాణా శాఖ కార్యాలయంలో ఫారం 4ఏ ద్వారా దరఖాస్తు చేస్తే ఇస్తారు, ఏడాదిపాటు చెల్లుతుంది. పర్మిట్ ఒక్కటే చూపిస్తే కుదరదు, అసలు లైసెన్సు కార్డు కూడా ఉండాలి.

కారు బుక్ చేసేటప్పుడు నాలుగు సంగతులు రాతపూర్వకంగా తేల్చుకోండి. ఏయే దేశాల్లోకి తీసుకువెళుతున్నారో పేరు పేరునా చెప్పి అనుమతి పొందాలి; చెప్పకుండా సరిహద్దు దాటితే ప్రమాదం జరిగినప్పుడు బీమా వర్తించకపోవచ్చు. గేర్లు వాటంతట అవే మారే కారు కావాలంటే ప్రత్యేకంగా అడగాలి, లేకుంటే చేతి గేరు కారు ఇస్తారు. స్టీరింగు ఎడమవైపు, గేరు కుడిచేతికి, బండి రోడ్డుకు కుడిపక్కన. ఇన్ని మార్పులు ఒకేసారి వచ్చినప్పుడు క్లచ్ బెడద లేకపోవడం చాలా ఊరట కాబట్టి, ఆ అదనపు ఖర్చు వృథా కాదని నా అభిప్రాయం. డిపాజిట్ మొత్తాన్ని ప్రధాన డ్రైవరు పేరున ఉన్న క్రెడిట్ కార్డులోనే నిలిపి ఉంచుతారు. తండ్రి నడుపుతూ కొడుకు కార్డు ఇస్తే సాధారణంగా ఒప్పుకోరు. ఇక పిల్లల సీట్లు: ఆస్ట్రియాలో 14 ఏళ్ళ లోపు, 135 సెంటీమీటర్ల కంటే తక్కువ ఎత్తు ఉన్న పిల్లలకు తప్పనిసరి, పొరుగు దేశాల్లో ఎత్తు పరిమితి 150. కాబట్టి 150 లెక్కనే తీసుకోండి. మొదటి రెండు రోజులు వియన్నాలో మెట్రోలో, ట్రాములో తిరిగి, మూడో రోజు ఉదయం కారు తీసుకుంటే రెండు రోజుల అద్దె, పార్కింగ్ ఖర్చు మిగులుతాయి, ప్రయాణపు బడలికతో కొత్త వైపున బండి నడిపే ప్రమాదమూ తప్పుతుంది.

4. విన్యెట్‌లు: కారు కదలకముందే

ఈ నాలుగు దేశాల్లోనూ సాధారణ మోటారు మార్గాలపై మన టోల్ ప్లాజాల వంటివి కనిపించవు. నిర్ణీత కాలానికి ముందుగానే చెల్లించే రోడ్డు సుంకాన్ని అక్కడ విన్యెట్ అంటారు. ఆపేవారు, అడిగేవారు ఉండరు గనుక మొదటిసారి వెళ్ళినవారు దీని సంగతే మరచిపోతారు. పైనున్న కెమెరా మాత్రం నంబరు ప్లేటును చదువుతూనే ఉంటుంది. స్లొవేనియాలో విన్యెట్ లేకుండా పట్టుబడితే జరిమానా కనీసం 300 యూరోలు.

ఆస్ట్రియాలో తీసుకున్న అద్దె కారుకు ఆ దేశపు విన్యెట్ సాధారణంగా ముందే ఉంటుంది. అద్దానికి అంటించి ఉందా, లేక ప్లేటు నంబరుపై నమోదైందా అని తాళాలు తీసుకునేటప్పుడే అడగాలి. మిగిలిన మూడు దేశాలవీ ఎలక్ట్రానిక్ విన్యెట్‌లు, నంబరు ప్లేటు ఆధారంగా ఇచ్చేవి. అంటే ఇంట్లో కూర్చుని ముందుగా కొనడం కుదరదు, ఎందుకంటే మీకు ఏ కారు ఇస్తారో అప్పటిదాకా తెలియదు. గ్యారేజీలో కారెక్కాక, ఇంజను ఆన్ చేయకముందే, ఫోనులో ఈ పని పూర్తి చేయండి. స్లొవేకియాలో కొద్ది గంటలే ఉంటారు కాబట్టి ఒక్క రోజుది చాలు. హంగరీకి పది రోజులది, స్లొవేనియాకు ఏడు రోజులది తీసుకోవాలి. ప్రతిదానిలోనూ కారు నమోదైన దేశం ఆస్ట్రియా అని ఎంచుకుని, ప్లేటు మీద ఉన్నది సున్నానా, ‘ఓ’ అక్షరమా అని కారు దిగి చూసి మరీ నింపండి. ఒక్క అక్షరం తప్పినా డబ్బు కట్టి కూడా విన్యెట్ లేనట్టే లెక్క. ఎనిమిది, తొమ్మిది మంది పట్టే వ్యాన్లకు విన్యెట్ వర్గం మారవచ్చు కాబట్టి ఆ సంగతి అద్దె సంస్థనే అడగండి. ఆయా దేశాల అధికారిక సైట్లను పోలిన మధ్యవర్తుల సైట్లు శోధనలో ముందు వరుసలో కనిపిస్తాయి. అవి అదనపు రుసుము కలుపుతాయి. రసీదులన్నీ ఫోనులో భద్రపరచండి.

5. దారిలో

బ్రాటిస్లావాలో పాత పట్టణంతో పాటు, డాన్యూబ్‌లో మొరావా నది కలిసే చోట కొండ మీద ఉన్న దెవీన్ కోటను చూడవచ్చు. అక్కడి నుంచి దక్షిణంగా హంగరీలోకి దిగి, ఎం15 మోటారు మార్గం మీదుగా ఎం1 అందుకుంటే నేరుగా బుడాపెస్ట్.

అసలైన రోజు బుడాపెస్ట్ నుంచి ల్యుబ్లియానాకు వెళ్ళే రోజు. 460 కిలోమీటర్లను ఒక్క ఊపున లాగకుండా బాలాటన్ సరస్సు దగ్గర విరామం పెట్టుకోవాలి. దాదాపు 77 కిలోమీటర్ల పొడవున్న ఈ సరస్సు దక్షిణపు ఒడ్డు వెంబడే ఎం7 సాగుతుంది. సాంతోద్ రేవు దగ్గర కారుతో సహా పడవ ఎక్కితే పది నిమిషాల్లో అవతలి ఒడ్డున తిహాన్య్ ద్వీపకల్పంలో దిగుతారు. కొండపైన 1055లో స్థాపించిన మఠం ఉంది. కార్లు వరుసగా పడవలోకి ఎక్కుతుంటే పిల్లలు కిటికీలకు అతుక్కుపోతారు. అదే పడవలో తిరిగి వచ్చి ఎం7, ఎం70 మీదుగా స్లొవేనియాలో ప్రవేశించి మారిబోర్ గుండా వెళితే, ఉదయం తొమ్మిదికల్లా బయలుదేరినవారు సాయంత్రానికి ల్యుబ్లియానా చేరతారు. మర్నాడు బ్లెడ్ సరస్సుకో పోస్తోయినా గుహలకో వెళ్ళవచ్చు; రెండూ గంట లోపు దూరమే గానీ చెరో దిక్కున ఉన్నాయి, ఒకదానినే ఎంచుకోండి.

ల్యుబ్లియానా నుంచి గ్రాజ్ వెళ్ళే దారిలో సరిహద్దులోని స్పీల్‌ఫెల్డ్ దగ్గర ఆస్ట్రియా పోలీసులు 2015 నుంచి తాత్కాలిక తనిఖీలు కొనసాగిస్తున్నారు. షెంజెన్ కదా అని పాస్‌పోర్టులు డిక్కీలోని పెట్టెల అడుగున పెట్టకండి. వేసవి శని, ఆదివారాల్లో అక్కడ బారులు తీరతాయి.

నడిపేవారు గుర్తుంచుకోవలసినవి కొన్ని ఉన్నాయి. మోటారు మార్గాలపై నాలుగు దేశాల్లోనూ పరిమితి గంటకు 130 కిలోమీటర్లు, ఊళ్ళలో 50. ఊరి బయటి మామూలు రోడ్లపై మాత్రం ఆస్ట్రియాలో 100, మిగతా మూడింటిలో 90. స్లొవేకియా, హంగరీల్లో మద్యం పరిమితి సున్నా: మధ్యాహ్న భోజనంతో ఒక్క గ్లాసు బీరు తాగినా తాళాలు ఇంకొకరికి ఇవ్వాల్సిందే. పగలు కూడా లైట్లు వేసే ఉంచండి. గుర్తులేమీ లేని కూడలిలో కుడివైపు నుంచి వచ్చే బండికి ముందు దారి ఇవ్వాలి. ఆస్ట్రియా, స్లొవేనియాల్లో మోటారు మార్గంపై బండ్లు నిలిచిపోగానే ఎడమ వరుసలోని వారు ఎడమకు, మిగతా వారందరూ కుడికి జరిగి మధ్యలో అంబులెన్సుకు దారి వదులుతారు. అంబులెన్సు శబ్దం వినిపించాక కాదు, ట్రాఫిక్ నెమ్మదించగానే జరగాలి. అత్యవసర నంబరు అన్నిచోట్లా 112.

పెట్రోలు బంకులో మీరే పోసుకుని, లోపలికి వెళ్ళి పంపు నంబరు చెప్పి డబ్బు కట్టాలి. స్లొవేకియాలో ‘నాఫ్తా’ అంటే డీజిల్. పేర్లతో తికమక పడకుండా పంపు మీద, ఇంధన మూత లోపల ఉన్న గుర్తులు పోల్చి చూడండి. ఐరోపా సమాఖ్య అంతటా వృత్తంలో ఉన్న గుర్తు పెట్రోలుది, చతురస్రంలో ఉన్నది డీజిల్‌ది.

6. నగరంలో కారును వదిలేయండి

వియన్నాలో 2022 మార్చి నుంచి దాదాపు నగరమంతటా వీధి పార్కింగ్ వారపు పనిదినాల్లో ఉదయం 9 నుంచి రాత్రి 10 దాకా రుసుముతో, రెండు గంటల గరిష్ఠ పరిమితితో ఉంటుంది. ల్యుబ్లియానా నడిబొడ్డులోకి కార్లనే రానివ్వరు. అందువల్ల హోటల్‌ను ఎంచుకునేటప్పుడు నగర కేంద్రానికి ఎంత దగ్గర అన్నదానికంటే, సొంత పార్కింగ్ ఉందా, మెట్రో లేదా ట్రాము నడిచేంత దూరంలో ఉందా అన్నది ముందు చూడాలి. శివార్లలో మెట్రో స్టేషన్ల పక్కనే ఉండే పార్క్ అండ్ రైడ్ గ్యారేజీలు (కారు అక్కడ నిలిపి మెట్రోలో నగరంలోకి వెళ్ళేందుకు ఉన్నవి) చవక. ఆగినచోట్ల సీట్లపై ఒక్క సంచీ కూడా కనిపించనివ్వకండి.

7. డబ్బు, తిండి

హంగరీలో ఫోరింట్, మిగతా మూడు దేశాల్లో యూరో. కార్డు దాదాపు అన్నిచోట్లా చెల్లుతుంది కాబట్టి కొద్దిపాటి నగదు చాలు; యంత్రం రూపాయల్లో చెల్లిస్తారా అని అడిగితే స్థానిక కరెన్సీనే ఎంచుకోండి. ఆస్ట్రియాలో ఆదివారం సూపర్‌మార్కెట్లు చాలావరకు మూసే ఉంటాయి, శనివారమే పెరుగు, పళ్ళు కొనిపెట్టుకోవాలి. ఇంటి నుంచి పొడులు తీసుకువెళ్ళవచ్చు గానీ నెయ్యి, కోవా, గోంగూర మటన్ పచ్చడి వంటివి వద్దు: బయటి దేశాల మాంసం, పాల పదార్థాలను ప్రయాణికులు ఐరోపా సమాఖ్యలోకి తీసుకురావడం నిషిద్ధం.

8. కారు అప్పగించే రోజు

విమానానికి ముందురోజు సాయంత్రమే కారు అప్పగించడం నయం. దగ్గరి బంకులో ట్యాంకు నింపి రసీదు ఉంచుకోండి. నలువైపులా, చక్రాలకు, డ్యాష్‌బోర్డుపై కిలోమీటర్ల అంకెకు ఫొటోలు తీయండి. సిబ్బంది ఎదుటే తనిఖీ చేయించి, నష్టం ఏమీ లేదని కాగితం రాయించుకోండి. జరిమానా నోటీసులు అద్దె సంస్థ ద్వారా కొన్ని నెలల తరువాత కూడా రావచ్చు, దానికి సంస్థ తన రుసుమునూ కలుపుతుంది. కాబట్టి విన్యెట్ రసీదులను, పార్కింగ్ చీటీలను, అప్పగింత కాగితాన్ని కనీసం ఏడాదిపాటు ఉంచండి.