తెల్లబట్ట: ఎప్పుడు సహజం, ఎప్పుడు డాక్టరును కలవాలి

తెల్లబట్ట అవుతోందనగానే చాలా ఇళ్లలో వినిపించే మాట ‘ఒంట్లో వేడి చేసింది’ అని. ఎముకలు కరిగిపోతున్నాయని బెంగపడేవారూ ఉన్నారు. నిజానికి యోని తనను తాను శుభ్రపరచుకునే క్రమంలో ఊరే స్రావం ఇది. అండం విడుదలయ్యే రోజుల్లో పచ్చి గుడ్డు తెల్లసొనలా సాగుతుంది, తక్కిన రోజుల్లో కాస్త చిక్కగా ఉండి, లోదుస్తుల మీద ఆరాక లేత పసుపు మరకగా కనిపిస్తుంది. దురద, మంట, దుర్వాసన లేనంతవరకు దీనికి మందు అక్కరలేదు. గర్భిణులకు ఇది ఎక్కువ కావడమూ సహజమే.

కనుక ముందుగా మీకు మామూలుగా ఎలా ఉంటుందో తెలిసి ఉండాలి, ఆపైన ఏది మారిందో గమనించాలి. విరిగిన పాలలా ముద్దలుగా పడుతూ, వాసన లేకుండా, విపరీతంగా దురద పెడితే అది చాలావరకు ఫంగస్. పలుచగా, బూడిద రంగులో ఉండి, ముఖ్యంగా కలయిక తరువాత నీచు వాసన వేస్తే బ్యాక్టీరియాల సమతౌల్యం చెడిందని అనుమానించాలి. పసుపు, ఆకుపచ్చ కలిసిన నురుగుతో, మంటతో వస్తే కలయిక ద్వారా సోకే ట్రైకోమోనాస్ అనే సూక్ష్మ పరాన్నజీవి కావచ్చు. దీనికి భర్త కూడా మందు వాడకపోతే మళ్లీ సోకుతుంది. అయితే ఈ లక్షణాలు ఒకదానిలో ఒకటి కలిసిపోతుంటాయి కాబట్టి, మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే మాత్ర తరచు గురి తప్పుతుంది: ఫంగస్ మందుతో నీచు వాసన పోదు. ఫంగస్ పదే పదే వస్తుంటే షుగర్ పరీక్ష చేయించుకోవాలి.

సబ్బుతోనో, క్రిమిసంహారక ద్రావణాలతోనో లోపల కడగడం మేలు చేయదు. సాధారణంగా 4.5కు మించని పీహెచ్‌తో (ఇది ఆమ్లత్వాన్ని తెలిపే కొలత) ఆ భాగాన్ని ఆమ్లంగా ఉంచుతున్న లాక్టోబాసిల్లస్ బ్యాక్టీరియాను మనమే కడిగేసుకున్నట్లవుతుంది. బయట మామూలు నీళ్లు చాలు.

పొత్తికడుపు నొప్పితో జ్వరం వచ్చినా, నెల తప్పాక నొప్పితో రక్తం కనిపించినా, గర్భిణికి నీరు కారినా, రక్తం పడినా అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. పుండ్లు, నీటిపొక్కులు, కలయిక తరువాత రక్తస్రావం ఉంటే రోజులు గడవనీయకూడదు. ముట్లుడిగి ఏడాది దాటిన తరువాత కనిపించే రక్తం ఒక్క చుక్కైనా సరే, పరీక్ష చేయించుకోవలసిందే. ‘మళ్లీ నెలసరి వచ్చింది’ అని సరిపెట్టుకుంటే గర్భాశయ క్యాన్సర్‌ను తొలిదశలో పట్టుకునే అవకాశం చేజారవచ్చు.

వెళ్లే ముందు ఒకటి రెండు రోజులు లోపల క్రీములు పెట్టకుండా ఉంటే పరీక్ష సరిగా తేలుతుంది. చివరి నెలసరి తేదీ, ఇంతకుముందు వాడిన మందుల పేర్లు రాసుకుని వెళ్లండి. ప్రభుత్వ ఆసుపత్రుల్లోని సురక్ష క్లినిక్‌లలో ఈ సమస్యలకు ఉచితంగా, గోప్యంగా చికిత్స చేస్తారు. కలయిక అనుభవం లేని అమ్మాయిలు ఆ మాట ముందే చెబితే, సాధారణంగా పరికరం లోపల పెట్టకుండానే సన్నని దూది పుల్లతో నమూనా తీసుకుంటారు.