కెనడాలోని రెజైనాకి పీఆర్ (శాశ్వత నివాస హక్కు) మీద వస్తున్నారా, ఫ్లైట్ ఎక్కేముందు ఇవి చూస్కోండి

సెప్టెంబర్, అక్టోబర్‌లో దిగేవాళ్ల కోసం. పచ్చళ్ల ప్యాకింగ్ గురించి కాదులెండి, అది మన అమ్మలు చూస్కుంటారు.

- ఇల్లు చూడకుండా అడ్వాన్స్ పంపొద్దు. ఫోటోలు చూపించి, ఓనర్ ఊళ్లో లేడు, డబ్బు పంపితే తాళాలు కొరియర్ చేస్తాం అన్నారంటే అది మోసమే, ఇక్కడ ఇ-ట్రాన్స్‌ఫర్‌లో ఒకసారి పోయిన డబ్బు వెనక్కి రావడం చాలా కష్టం. రెజైనా ఉన్న సస్కాచెవాన్ రాష్ట్రంలో డిపాజిట్ నెల అద్దెకి మించకూడదు, అందులోనూ ముందు సగమే అడగాలి.

- బంగారం, తర్వాత తెప్పించుకునే సామాను అన్నీ లిస్ట్ రాసి మొదటిసారి దిగినప్పుడే కస్టమ్స్‌లో చూపించండి. నగలకి ఫోటోలు కూడా. లేదంటే తర్వాత తెచ్చినప్పుడు డ్యూటీ పడొచ్చు.

- పీఆర్ వచ్చిన 180 రోజుల్లోపు ఇమిగ్రేషన్ వాళ్లకి కెనడా అడ్రస్ ఇవ్వాలి, లేకపోతే పీఆర్ కార్డ్‌కి మళ్లీ అప్లై చేసి ఫీజు కట్టాలి.

- బీపీ, థైరాయిడ్ మందులు 90 రోజులకి సరిపడా, ప్రిస్క్రిప్షన్‌తో సహా. ఫ్యామిలీ డాక్టర్ వెంటనే దొరకరు.

- అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో కార్ ప్లగ్ పాయింట్ ఉందా అని అడగండి, నవ్వకండి, మైనస్ 30లో బ్లాక్ హీటర్ (ఇంజిన్‌ని వెచ్చగా ఉంచే కరెంట్ హీటర్) పెట్టకపోతే పొద్దున బండి స్టార్ట్ అవ్వకపోవచ్చు.

- మన ఇండియా డ్రైవింగ్ లైసెన్స్ ఇక్కడ 90 రోజులే చెల్లుతుంది. వచ్చిన వారంలోనే టెస్ట్ బుక్ చేస్కోండి, మంచులో మొదటిసారి టెస్ట్ ఇవ్వడం కంటే ఇదే నయం.

- జాకెట్ మాత్రం అక్కడ కొనకండి. మన ఊరి జాకెట్ ఇక్కడ చొక్కా కింద లెక్క.